పున్నయ్య తాతగారి మేడ

పున్నయ్య తాత పెద కోటయ్య జీవితంలో ఒక్కసారే కోటు తొడిగాడు. ఆ కోటు ఆయనది కాదు. చేతికున్న గడియారం ఆయనది కాదు, పైగా అది తిరిగేది కూడా కాదు. కాళ్ళకున్న బూట్లలో ఎడమది తిరునాళ్ళలో ఫోటోలు తీసే కాశిం సాహెబుది, కుడిది ఎవరిదో సాహెబుకే తెలియదు. ఆ ఫోటోలో కోటయ్యది అంటూ ఉన్నది ఆయన ముక్కు ఒక్కటే. పక్కన నిలబడ్డ భార్య అంకమ్మను కూడా లెక్కలో వేద్దామంటే, నేనెవరి సొత్తూ కాదని బతికినన్నాళ్ళూ ఆవిడే చెప్పేది.

వాళ్ళిద్దరి వెనక రెండంతస్తుల మేడ ఉంది. దానికి పదహారు స్తంభాలు, చలవరాతి మెట్లు, మెట్ల ముందు కొలను, కొలనులో రెండు హంసలు, వెనకెక్కడో నెత్తిన మంచు పెట్టుకున్న కొండ. అదంతా గుడ్డ మీద వేసిన బొమ్మ. కాశిం సాహెబు ఆ గుడ్డను చుట్టచుట్టి ఎడ్లబండి మీద ఊరూరా తిప్పేవాడు, రెండు గుంజలు పాతి దాన్ని కట్టేవాడు, పేడకడి చేతులతో వచ్చిన రైతుకు కోటు తొడిగి దొరను చేసి పంపేవాడు. గొట్టిపర్రులో ఈ సంగతి తెలియనివాడు లేడు. ఊళ్ళో పాత ఇల్లున్న ప్రతివాడి గోడ మీదా వాళ్ళ తాతో ముత్తాతో అదే మేడ ముందు, అదే కోటులో, అదే ఆగిపోయిన గడియారంతో నిలబడి ఉంటాడు.

ఇదిలా ఉండగా పైనెవరికో పాత ఫోటోల మీద ప్రేమ పుట్టింది. పైవాళ్ళకు దేని మీదన్నా ప్రేమ పుడితే ముందు దానికొక పేరు పెడతారు, ఆ తర్వాత లక్ష్యం పెడతారు. 'పాత పటం - పల్లె వైభవం' అని పేరు పెట్టారు. పంచాయతీకి ఒక ఫోటో అని లక్ష్యం పెట్టారు. పాత ఫోటోలో కనపడే పల్లెటూరి ఇంటిని గుర్తించాలి. ఫోటోలో ఎలా ఉందో అలాగే ఉంచాలి. ఈలోగా మారిపోయి ఉంటే మళ్ళీ అలాగే చేయించాలి. వినటానికి ముచ్చటగానే ఉంది. ముచ్చటగా లేనిదాన్ని పథకమని ఎవరంటారు?

పంచాయతీ సెక్రటరీ ప్రభుదాసు మంచివాడు. అతనికి ఉన్న జబ్బల్లా గడువే. ఒక పూట చెమటలు కక్కుకుంటూ పున్నయ్య ఇంటికి వచ్చాడు.

"పున్నయ్య గారూ, సాయంత్రం లోపల ఒక పాత ఇంటి ఫోటో ఎక్కించకపోతే నాకు మెమో ఇస్తారండీ. మీ తాతగారిది ఒకసారి ఇవ్వండి."

"ఇంటి ఫోటో అంటన్నావు. ఇది మా తాత ఫోటో గదా?"

"వెనకాల ఇల్లుంది గదండీ."

"అది పరదా అబ్బాయ్."

"పరదా అని రాయటానికి గడి లేదండీ."

నిజమే, లేదు. 'నిర్మాణ సామగ్రి' అన్న చోట రాయి, ఇటుక, కర్ర, ఇతరములు అని నాలుగే గళ్ళున్నాయి. ప్రభుదాసు నిజాయితీపరుడు కాబట్టి 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు. అంతస్తులు రెండు, స్తంభాలు పదహారు అని నింపాడు. హంసలకు గడి కనపడక కాసేపు వెతికి, 'పశుసంపద' ఎదురుగా రెండు అని వేశాడు. పున్నయ్య కూడా మరీ అడ్డం చెప్పలేదు. తాత బొమ్మ ఆఫీసుకెక్కుతుందంటే మనవడికి లోపల్లోపల కాస్త ఉబ్బుగానే ఉంటుంది.

అసలు ఆ రోజుల్లో పున్నయ్య మనసు ఫోటో మీద లేదు, కప్పు మీద ఉంది. కూతురు హైమను తొలి కాన్పుకు తీసుకొచ్చారు. ఉన్నది తాతలనాటి పెంకుటిల్లు, దాని వెనక తాటాకుల వంటపాక. నిరుడు వానల్లో ఇల్లంతా గిన్నెలు పరచుకుని తిరిగారు. ఈ ఏడు పురిటి పిల్ల మీద చుక్క పడటానికి వీల్లేదని పున్నయ్య భార్య శేషారత్నం ఖరాఖండిగా చెప్పింది. ఆవిడ చెప్పిందంటే శిలాశాసనమే. పనివాళ్ళను పెట్టి పెంకు మొత్తం దించాడు. పగిలినవి ఏరి, మంచివి వాకిట్లో గుట్ట పోయించాడు. పుచ్చిన వాసాలు నాలుగు మార్పించాడు. ఇంక పెంకు ఎక్కించటమే తరువాయి అనుకుంటుండగా జీపొచ్చింది.

జీపులోంచి పరాంకుశం గారు దిగారు. ఆయన ప్రాంతీయ వారసత్వ పరిరక్షణాధికారి. ఆయన వెనక ఇద్దరు మనుషులు తలుపంత అట్ట మోసుకొచ్చారు. దాని మీద పెద కోటయ్య ఫోటోను పెద్దది చేసి అంటించారు. అసలు ఫోటోను కూడా ఆధారంగా అట్ట మూలన జిగురు పెట్టి అతికించారు. పరాంకుశం గారు అట్టను చూసి, ఇంటిని చూసి, మళ్ళీ అట్టను చూశారు.

"ఛాయాచిత్రమందు ద్వితీయ అంతస్తు స్పష్టముగా గోచరించుచున్నది. క్షేత్రమందు గోచరించుటలేదు. ఎచ్చటికి పోయినది?" అన్నారు.

ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని డ్రైవరు తర్వాత చెప్పాడు.

"అది యాడికీ పోలేదు సారూ. అసలు లేదు. అది గుడ్డ" అన్నాడు పున్నయ్య.

"లేనిది ఛాయాచిత్రమందు ఎట్లు వచ్చును? కెమెరా అబద్ధమాడదు. కావున ఎవరో ఒకరు ఆడుచుండవలెను." పరాంకుశం గారు పెంకుల గుట్ట చుట్టూ ఒకసారి తిరిగారు. "కూల్చివేత శిథిలములు ఇంకనూ తాజాగా ఉన్నవి. రాసుకొనుము."

వెనకనున్న గుమాస్తా రాసుకున్నాడు.

"అయ్యా, అది నా ఇంటి పెంకు. ఎక్కించటానికే దించా. లోపల కడుపుతో ఉన్న పిల్లుంది."

"మంచు కొండ సైతం కానరాదు" అన్నారు పరాంకుశం గారు, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని ఉత్తరం దిక్కు చూస్తూ.

"మా వైపు కొండలేంది సారూ! సముద్రం పన్నెండు మైళ్ళు. మూడు బారలు తవ్వితే ఉప్పునీళ్ళు పడతయ్యి."

"అందువలననే అనుమానము బలపడుచున్నది. కొండ అక్రమ తవ్వకమునకు గురియైనట్లు గనుల శాఖకు ఒక ప్రతి పంపవలెను."

కొండను తవ్వి ఎలుకను పట్టటం పున్నయ్య విన్నాడు. ఎలుకను చూసి కొండ ఎవరు తవ్వారని అడగటం ఇదే మొదలు. ఫోటో వెనక కాశిం సాహెబు స్టాంపుంటుంది, తిరునాళ్ళ పేరుంటుంది, ఒక్కసారి తిప్పి చూడమని బతిమాలాడు. జిగురుతో అంటించారు కాబట్టి తిప్పటం కుదరదన్నారు. పైగా వెనుక భాగమును పరిశీలించుట తమ పరిధిలోనిది కాదన్నారు.

ఆ తర్వాత కంప్యూటరు తీసి ఇంటికి ఫోటో లాగి, పాత ఫోటోతో పోల్చి చూశారు. నాలుగు శాతం పోలిక ఉన్నట్టు వచ్చింది. ఆ నాలుగు శాతమూ గడపలో నిలబడ్డ పున్నయ్య ముక్కు.

పోతూపోతూ పరాంకుశం గారు ఆజ్ఞాపత్రం ఒకటి చేతిలో పెట్టారు. భవనాన్ని పూర్వరూపానికి తెచ్చేదాకా క్షేత్రంలో ఒక్క పెంకు కూడా కదపరాదు. అప్పటికి వాసాల మీద ఎండ పడకుండా పున్నయ్య నీలం పట్టా కప్పించి ఉన్నాడు. దాన్ని కూడా ఊడదీయించి జీపులో వేసుకున్నారు. ఫోటో తెలుపు నలుపుల్లో ఉంది కాబట్టి క్షేత్రంలో నీలం రంగు వాడటం నిబంధనలకు విరుద్ధమట.

జీపు మలుపు తిరిగిందాకా ఓర్చుకుని శేషారత్నం నోరు విప్పింది. "ఊరుకోక ఇచ్చావుగా ఫోటో! మీ తాత బతికినన్నాళ్ళు మా అత్తకి నీడ ఇచ్చింది లేదు, చచ్చినాక నా కప్పు లేపాడు."

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్ళను పున్నయ్య చాలామందిని చూశాడు. మీ తాత నెయ్యి తాగాడు, ఆ గిన్నె ఎక్కడ దాచావని నిలదీసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

అయినా చెప్పుకుంటే వింటారన్న ఆశ చావలేదు. ఊళ్ళో నాలుగిళ్ళు తిరిగి నాలుగు పాత ఫోటోలు అడిగి తెచ్చి, సంచిలో పెట్టుకుని టౌన్లో ఉన్న ఆఫీసుకు వెళ్ళాడు. పరాంకుశం గారి బల్ల మీద వరసగా పేర్చాడు. నాలుగిట్లోనూ అదే మేడ, అవే మెట్లు, అవే హంసలు.

"చూడండి సారూ. ఈయన చాకలి వీరాస్వామి. ఈయన మునసబు గారు. ఈయన పక్కవీధి బలరామయ్య, ఈయన ఆయన తమ్ముడు. వీళ్ళందరికీ మేడలున్నయ్యా? అందరూ ఒకే గుడ్డ ముందర నిలబడ్డారు."

పరాంకుశం గారు భూతద్దం తీసి చాలాసేపు చూశారు. పున్నయ్య గుండె తేలికపడింది. ఇంత శ్రద్ధగా చూసేవాడికి నిజం కనపడక తప్పదనుకున్నాడు.

"మహత్తరము" అన్నారు పరాంకుశం గారు. "ఇన్నాళ్ళు మేము దీనిని ప్రైవేటు నివాసముగా భావించితిమి. రజకుడు మొదలు మునసబు వరకు సర్వులూ నిరాటంకముగా ప్రవేశించినందున ఇది ప్రజాభవనమని తేలుచున్నది. మీ తాతగారు సమానత్వమును పాటించిన మహనీయులు. అటువంటి భవనమును మీరు పెంకుటిల్లుగా మార్చినారు."

"హంసల్ని చూడండి సారూ!" పున్నయ్యకు ఏడుపొక్కటే తక్కువ. "ఇది తీసిన ఎనిమిదేళ్ళకి ఇది తీశారు. మెడ ఒంపు కూడా మారలేదు. బతికున్న పక్షి ఎనిమిదేళ్ళు మెడ తిప్పకుండా ఉంటదా?"

పరాంకుశం గారు గుమాస్తా వైపు తిరిగారు. "హంసల సంఖ్య స్థిరముగా ఉన్నదని రాసుకొనుము."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో వాదించవచ్చు, నాలుగోది చేత్తో పట్టి చూపించవచ్చు. నాలుగో కాలు చూపిస్తే ఇది రెండో కుందేలని రాసుకునేవాణ్ణి ఏం చేస్తాం? పున్నయ్య ఫోటోలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఇంటి దగ్గర హైమ వంటపాకలో చాప మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఎండ నేరుగా నేల మీద పడుతోంది. సామానంతా, మనుషులంతా ఆ వంటపాకలోనే. పొయ్యి పొగకు హైమ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాన్నా, నేను మా అత్తగారింటికి పోతాలే. అక్కడైతే శ్లాబు ఉంది" అంది మెల్లగా.

ఆ మాట పున్నయ్యకు గుండెలో ముల్లయింది. తొలి కాన్పుకు తెచ్చుకున్న కూతురు, కప్పు లేదని కాన్పు కాకుండా తిరిగిపోతే ఆ తండ్రి ఊళ్ళో తలెత్తుకోవటం ఎట్లా? వాదించి లాభం లేదని అప్పుడర్థమైంది. గుడ్డ అని చెప్తే వినని వాళ్ళకు గుడ్డే చూపించాలి. మర్నాడు తెల్లారగానే కాశిం సాహెబు మనవడు మస్తాన్‌వలిని వెతుక్కుంటూ పోయాడు.

మస్తాన్‌వలికి టౌన్లో ఫ్లెక్సీలు వేసే షాపుంది. తాత కెమెరా ఎప్పుడో పోయింది. పరదా మాత్రం అటక మీద చుట్టచుట్టి ఉంది.

"పారేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో బాబాయ్. మా నాయన వద్దనేవాడు. ఈ మేడ మన అందరికీ అన్నం పెట్టిందిరా అనేవాడు" అన్నాడు మస్తాన్‌వలి, దుమ్ము దులుపుతూ.

పరదా విప్పేసరికి షాపంతా నిండిపోయింది. పెళ్ళివారందరినీ నిలబెట్టటానికి వేయించింది, పన్నెండడుగుల ఎత్తు, పద్దెనిమిదడుగుల వెడల్పు. మందపాటి గుడ్డ మీద నూనెరంగులు పొరలు పొరలుగా పూసి ఉన్నాయి. ఏటేటా తిరునాళ్ళ వానలో తడిసి ఎండి తోలులాగా తయారైంది. మేడ అలాగే ఉంది. ఎడమ హంస మెడ దగ్గర ఎలుక కొరికితే ఎవరో మాసిక వేశారు. పున్నయ్య దాని ముందు నిలబడి, తాత నిలబడ్డ చోటు ఇదే కదా అనుకున్నాడు. తెలియకుండానే వీపు నిటారు చేశాడు.

నాలుగోనాడు పరాంకుశం గారు రెండో తనిఖీకి వచ్చేసరికి పున్నయ్య ఇంటి ముందు రెండు గుంజలు పాతి పరదా కట్టి ఉంచాడు. ఇంక దాచటానికేమీ లేదు. దగ్గరికొచ్చి పట్టి చూసుకుంటారు, గుడ్డ అని ఒప్పుకుంటారు, పెంకు ఎక్కించుకోమంటారు. అదీ అతని లెక్క.

పరాంకుశం గారు జీపు దిగి నిలబడిపోయారు. గుమాస్తా కంప్యూటరు తీసి ఫోటో లాగాడు. పోల్చి చూశాడు.

"తొంభై ఎనిమిది శాతం సార్!"

పరాంకుశం గారు నడిచొచ్చి ఒక స్తంభం మీద చేయి వేశారు. స్తంభం లోపలికి నొక్కుకుపోయింది. చేయి తీశారు. మళ్ళీ బయటికొచ్చింది. గాలికి మెట్లన్నీ ఒకసారి అలలాగా కదిలాయి. ఆయన వెనక్కి తిరిగి, మనుషులు దూరంగా ఉన్నారని చూసుకుని, పున్నయ్య చెవి దగ్గర నోరు పెట్టారు.

"ఇది గుడ్డని నాకు మొదటిరోజే తెలుసయ్యా. ఫైలుకు తెలీదు" అన్నారు. ఆయన నోట మామూలు మాట రావటం పున్నయ్య విన్నది అదొక్కసారే. "రెండంతస్తుల మేడని పైకి పంపేశాం. పైవాళ్ళు ఇంకా పైకి పంపేశారు. ఇప్పుడు లేదంటే అందరికీ ఉద్యోగం పోద్ది. ఉందంటే ఎవరికీ పోదు."

"నా కప్పు పోద్ది గదా సారూ."

పరాంకుశం గారు గొంతు సవరించుకుని మళ్ళీ ఫైల్లోకి వెళ్ళిపోయారు. "భవనము పూర్వరూపమునకు తేబడినందులకు యజమానిని అభినందించడమైనది" అన్నారు పైకి. చప్పట్లు కొట్టారు. ఆనక కాసేపు తటపటాయించి, ఒక స్టూలు తెప్పించి దాని మీద చేయి ఆనించి, పరదా ముందు నిలబడి తనకొక ఫోటో తీయించుకున్నారు. ఇంటికి పంపటానికట.

పున్నయ్య ఆ సాయంత్రం పనివాళ్ళకు కబురు పెట్టాడు. పెంకు ఎక్కించే రోజు ఖాయం చేసుకున్నాడు. ఆ రాత్రి శేషారత్నం కూడా ఏమీ అనలేదు. ఇంట్లో అదే పెద్ద పండగ.

పనివాళ్ళ కంటే ముందు ప్రభుదాసు వచ్చాడు. కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"మీరే చదువుకోండి పున్నయ్య గారూ. నాకు నోరు రావట్లేదు."

అందులో ఇలా ఉంది: 'గొట్టిపర్రు గ్రామమందలి రెండంతస్తుల మేడను రక్షిత భవనముగా ప్రకటించడమైనది. సదరు మేడకు వెనుక ఆనుకొని, కప్పు లేని ఒక పెంకుటిల్లు అక్రమముగా నిర్మింపబడి ఉన్నట్లును, దానివలన మేడ యొక్క దృశ్యసౌందర్యమునకు భంగము కలుగుచున్నట్లును తనిఖీలో తేలినది. కావున పదిహేను దినముల లోపల సదరు పెంకుటింటిని యజమానియే స్వయముగా తొలగించవలెను. లేనియెడల శాఖయే తొలగించును. మేడ నివాసయోగ్యముగా ఉన్నందున కుటుంబమునకు ప్రత్యామ్నాయ వసతి అవసరము లేదు.'

పున్నయ్య రెండుసార్లు చదివాడు. అరుగు మీద కూలబడ్డాడు. గుడ్డను నిరూపించబోయి ఇల్లు పోగొట్టుకున్నవాడు ఊళ్ళో కాదు, జిల్లాలో కూడా ఇంకొకడు ఉండడు.

ఆ మర్నాడే హైమకు నొప్పులొచ్చాయి. టౌన్లో ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పిల్లను చూడగానే పున్నయ్యకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆ ముక్కు పెద కోటయ్యదే.

అయిదో రోజుకి ఇంటికి తెచ్చారు. ఇంటి ముందు మేడ, మేడ వెనక కప్పులేని ఇల్లు, ఇంటి వెనక పొగ నిండిన పాక. పక్కింటివాళ్ళు రమ్మన్నారు. శేషారత్నం ఒప్పుకోలేదు. పురిటి పిల్లను పరాయి పంచన పెట్టే గతి తనకింకా పట్టలేదంది. అంటూనే పాకలో చాప దులిపి పరిచింది.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. అది కప్పున్నవాళ్ళు చెప్పిన సామెత. ఆ మధ్యాహ్నం తూర్పున కమ్ముకొచ్చింది. చూస్తుండగానే ఆకాశం నల్లబడింది. మొదటి చినుకులు వాసాల మధ్యలోంచి ఉత్తరపు గదిలో గచ్చు మీద టపటపా పడ్డాయి. తాటాకు పాకలో పొయ్యి మీదికి నీళ్ళు కారి గుప్పున పొగ లేచింది. పసిపిల్ల దగ్గింది. అంత చిన్న గొంతులోంచి దగ్గు రావటం ఆ ఇంట్లో ఎవరూ ఓర్చుకోలేకపోయారు.

పున్నయ్య వాకిట్లోకి పరిగెత్తి పెంకుల గుట్ట దగ్గర నిలబడ్డాడు. వేల పెంకు. ఎక్కించటానికి రెండు రోజులు పడుతుంది. పట్టా జీపులో పోయింది. ఏం చేయాలో పాలుపోక రెండు చేతులూ అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యో!" శేషారత్నం గడపలోంచి కేక పెట్టింది. "మేడ నివాసయోగ్యంగా ఉందని రాశారంటివే! అయితే ఇంకా చూస్తావేంది? పిల్లని ఆ మేడలోకే చేర్చు. నిచ్చెన ఎయ్యి!"

పున్నయ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆగలేదు. వానలో తడుస్తూ గుంజల దగ్గర తాళ్ళు కోశాడు. ప్రభుదాసు నోటీసు అంటించటానికి అప్పుడే వచ్చాడు. రక్షిత భవనాన్ని కదపటం నేరమని చెప్పబోయి, పాకలోంచి పిల్ల దగ్గు విని, నోటీసు జేబులో పెట్టుకుని మేడకు అటు పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి రెండంతస్తులూ, పదహారు స్తంభాలూ, కొలనూ, కొండా ఎత్తుకుని నిచ్చెన ఎక్కారు. ఉత్తరపు గది మీద నడికొప్పుకు అటూ ఇటూ పడేలా పరిచి, అంచులు వాసాలకు బిగించి కట్టారు. రంగు పైకి వచ్చింది, నీళ్ళు జర్రున జారిపోయాయి.

హైమ బిడ్డను తెచ్చి గదిలో మంచం మీద పడుకోబెట్టింది. వాన దంచికొట్టింది. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. మబ్బు కాస్త విడిచాక గుడ్డలోంచి వెలుతురు దిగి, సరిగ్గా మంచం పైన హంస నీడ కనపడింది. మాసిక కూడా కనపడింది.

"నాన్నా, నా బిడ్డ మేడలో పడుకుంది" అని హైమ నవ్వింది. పొగతో ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వింది. పున్నయ్య గోడకు తల ఆనించుకుని, కాశిం సాహెబుకీ తాతకీ కలిపి ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

పదిహేను రోజుల గడువు అయిపోయింది. వానలకు గొట్టిపర్రు రోడ్డు మోకాటి లోతు బురదైంది. జీపు రాదు. అందుకని శాఖవారు మెయిన్ రోడ్డు మీదే ఆగి, గొడుగు కింద కూర్చుని, కొత్తగా కొన్న డ్రోన్ను పైకి వదిలారు. అది గొట్టిపర్రు మీద గండుతుమ్మెదలాగా రొద చేస్తూ రెండు చుట్లు తిరిగింది. పైనుంచి ఇంటికి ఫోటో తీసి వెళ్ళిపోయింది. కింద సంగతులు నింపటానికి ప్రభుదాసును కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి రమ్మన్నారు. అతను ఉత్తరపు గదిలో కూర్చుని శేషారత్నం ఇచ్చిన టీ తాగి, పైకి చూసి, పిల్లను చూసి, గళ్ళు నింపాడు.

నివేదిక వారం రోజుల్లో వచ్చింది. పరాంకుశం గారి సంతకముంది. 'వెనుకనున్న అక్రమ పెంకుటిల్లు తొలగింపబడినది. పైనుండి పరిశీలించగా దాని జాడ ఎచ్చటనూ లేదు. మేడ యథాస్థానమున ఉన్నది. నడుము భాగమున కొంత వంగినది, వయస్సు రీత్యా అది సహజము. చుట్టూ వాసములతో చక్కని కంచె ఏర్పాటు చేసినందులకు యజమాని అభినందనీయుడు. హంసలు రెండు. పోలిక తొంభై ఒక్క శాతము. ఫైలు మూసివేయడమైనది.'

లేని ఇంటికి నోటీసు ఎవరూ ఇవ్వలేరు. లేని ఇంటి మీద పెంకు కదిపితే తప్పని కూడా ఎవరూ అనలేరు. పున్నయ్య పనివాళ్ళను పిలిచి, మేడ అంచు కాస్త కాస్త ఎత్తుతూ, దాని కిందా, మిగతా ఇంటి మీదా వరస తర్వాత వరసగా తీరిగ్గా పెంకు సర్దించుకున్నాడు. అయిపోయినా మేడను మాత్రం తీయలేదు. ఎప్పుడు ఏ డ్రోను వస్తుందో ఎవరికి తెలుసు?

నివేదిక కాగితాన్ని తాత ఫోటో ఉండే మేకుకే తగిలించాడు. ఫోటో ఇంకా ఆఫీసులో అట్టకే అతుక్కుని ఉంది. అప్పుడప్పుడూ మనవరాలిని భుజాన వేసుకుని కాగితం ముందు నిలబడతాడు. చివర ప్రభుదాసు తన చేత్తో నింపిన గడి ఒకటుంది. 'పైకప్పు స్థితి' అన్న దాని ఎదురుగా 'కారుట లేదు' అని రాశాడు.

ఆ ఫైలు మొత్తంలో నిజం ఆ రెండు మాటలే. పున్నయ్యకు అవి చాలు.